ఎక్స్‌పోర్ట్ బటన్ గారి దివ్య సముఖానికి

మహారాజశ్రీ ఎక్స్‌పోర్ట్ బటన్ గారికి,

పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీ క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబ్ నుంచి, నిన్న మధ్యాహ్నమంతా తమరికి సమర్పించుకున్న కెమిస్టు నమస్కరించి రాయునది. నిన్న ఏ రోజో తమరికి తెలిసుండదు. విజయనగరంలో పుట్టిన ఎవర్నైనా అడగండి. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం. పైడితల్లమ్మ జాతరలో సిరిమాను తిరిగే రోజు. ఒంటిగంటకే బయటపడతానని పర్మిషన్ కూడా రాయించుకున్నాను.

పని చిన్నదే. మందులో ఏది ఎంతుందో విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ మిషన్ల పాత సాఫ్ట్‌వేర్‌ని ఈ నెలాఖరుకి మూసేస్తున్నారు. అందులో ఉన్న 214 స్టెబిలిటీ క్రొమాటోగ్రాములు, అంటే నెలల తరబడి నిలవున్న మందు ఎలా ఉందో చూపే గ్రాఫులు, కొత్తదాంట్లో తెరుచుకోవాలి. దానికి దారి 1990ల మొదట్లోనే వేశారు పెద్దలు, ఎవరి మిషన్ డేటానైనా ఎవరైనా చదువుకునేలా సీడీఎఫ్ అనే ఉమ్మడి ఫార్మాట్. తమరిని నొక్కితే చాలు. ఒక్కో ఫైలుకి ఒక్కోసారి నొక్కాలట, సరే. రెండు ఛానెళ్లుంటే రెండు ఫైళ్లట, సరే. పీడీఏ డిటెక్టర్ తీసిన కాంతి స్పెక్ట్రాలు గడప దాటవట, దానికీ సరే. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో ఆడిట్ ట్రయిల్ ఉండాలని అమెరికావాళ్ల పార్ట్ 11 రూలు చెబుతున్నది 1997 నుంచి. తమరు ఇంకా వినలేదు కాబోలు. నొక్కిన ప్రతిసారీ 'సక్సెస్‌ఫుల్' అని పచ్చ టిక్కు పెట్టారు. అది చూసి మురిసిపోయాను.

ఒంటిగంట కావస్తుండగా కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఒక ఫైలు తెరిచాను. 6.2 నిమిషాలకు రావాల్సిన మెయిన్ పీక్ (గ్రాఫులో అసలు మందు శిఖరం) 372 దగ్గర నిలబడి ఉంది.

372 నిమిషాలు! అంటే ఆరు గంటల పన్నెండు నిమిషాలు. ఇరవై నిమిషాల రన్ ఇరవై గంటలైంది. అలాంటి ఇంజెక్షన్లు 214 వరసగా పెడితే ఇంచుమించు ఆర్నెల్లు పడుతుంది. ఆరో నెల శాంపిల్ పెడితే సీక్వెన్స్ ముగిసేసరికి అది పన్నెండో నెల శాంపిల్ అయిపోతుంది. మిషన్‌లో శాంపిల్‌ని మోసుకెళ్లే మొబైల్ ఫేజ్ ద్రావణం డ్రమ్ముల్లో కలుపుకోవాలి.

తమరు చేసిందేమిటయ్యా అంటే, అంకె సెకన్లలో రాసి, యూనిట్ గడి ఖాళీగా వదిలేశారు. అవతలి సాఫ్ట్‌వేర్ దాన్ని నిమిషాలనుకుంది. ఒక్క మాట! 'సెకన్లు' అని ఒక్క మాట రాయడానికి నీకేం పోయింది? చేతులు పడిపోయాయా? పైగా పచ్చ టిక్కు! దేనికి సక్సెస్? ఎవరి సక్సెస్?

పీకుని ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా కొలవాలో చెప్పే ఇంటిగ్రేషన్ ఈవెంట్లు కూడా దార్లోనే పారేసుకున్నావు. 0.14 శాతం ఉన్న ఇంప్యూరిటీ (మలినం) కొత్తదాంట్లో 0.16 వచ్చింది, లిమిట్ 0.15. ఎప్పుడో పాసై వెళ్ళిపోయిన బ్యాచ్ నిన్న మధ్యాహ్నం ఫెయిలైంది. క్వాలిటీకి పూచీపడే క్యూఏ మేడం ఏమన్నారో ఇక్కడ రాయను.

యాభై అడుగులు దాటిన చింతమానుని ఏ ఊరి తోటలోంచో కొట్టి, హుకుంపేట దాకా తెచ్చి, కొనమీద పూజారి గార్ని కూర్చోబెట్టి, అంత జనంలో గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిప్పుతారు. ఆఖర్న దిగేది ఆ ఒక్క పూజారి గారే. నీ చేతికిచ్చి ఉంటే అరవై మంది దిగేవారు. ఈ టేబుల్ మీది కంప్యూటర్ నుంచి పక్క టేబుల్‌కి ఒక్క పీకుని క్షేమంగా చేర్చలేకపోయావు కదరా!

మూడున్నరకి అమ్మ ఫోన్. చుట్టూ డప్పులు, గోల. సిరిమాను ముందు నడిచే ఊరేగింపు మొదలైనట్టుంది. "బాబూ, బయలెల్లినావా? పాలధార ఎల్లిపోనాది. తెల్ల ఏనుగు వస్తంది. బేగి వచ్చీ!"

"ఇంకో అరవై ఉన్నాయమ్మా" అన్నాను, ఫైళ్లే బుర్రలో తిరుగుతుంటే.

"అరవయ్యేటి? నిమషాలా, గంటలా?"

మూడో తరగతితో బడి మానేసిన మనిషి. జన్మలో కంప్యూటర్ ముట్టుకోలేదు. నాకు నోట మాట రాలేదు.

రాత్రి కంపెనీ బస్సు దిగేసరికి కోట దగ్గర ఊడ్చేవాళ్లు, అరటి తొక్కలు మిగిలాయి. రేపు ఎ షిఫ్టుకి వస్తాను. 214 మళ్లీ మొదటి నుంచి, యూనిట్ గడి నేనే నింపుకుంటాను. నువ్వు చెయ్యాల్సిందల్లా ఒక్కటే, ఆ పచ్చ టిక్కు నా కళ్లబడకుండా చూసుకో.

ఇట్లు,
372వ నిమిషంలోనూ సీట్లోంచి లేవని
నీ కెమిస్టు