టికెట్ కొనే ముందు అమ్మానాన్నల పళ్ళు చూపించండి

అమ్మని డాలస్ తీసుకురావడానికి రెండు నెలలు తయారయ్యాం. వీసా, ఇన్సూరెన్స్, దోహాలో వీల్‌చైర్, ఆరు నెలలకి సరిపడా బీపీ, షుగర్ మాత్రలు, వాటికి డాక్టరు చీటీ. తెనాలిలో మా తమ్ముడు సూట్‌కేసులు రెండుసార్లు తూచి, 23 కిలోలు దాటిందని గోంగూర పచ్చడి సీసా ఒకటి బయటికి తీశాడు. ఇన్ని చూసుకున్నాం కదా, "అమ్మా, నీ పళ్ళు ఎలా ఉన్నాయి?" అని ఒక్కళ్ళం అడగలేదు.

ఎయిర్‌పోర్టులో అమ్మ ఎడమ దవడకి కొంగు అదిమిపెట్టుకుని వచ్చింది. చలేమో అనుకున్నాను. ఇంటికొచ్చాక చూస్తే కొంగు ముడిలో నాలుగు లవంగాలు మిగిలున్నాయి. దోహాలో విమానం ఎక్కిన దగ్గర్నుంచి దాదాపు 16 గంటలు ఒకటి తర్వాత ఒకటి పంటి కింద పెట్టుకుంటూ కూర్చుందట. అప్పటికి ఆర్నెల్లుగా చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటోందట. కుడివైపు నమలడం అలవాటు చేసుకుంది, జంతికలు టీలో నానబెట్టుకుని తింటోంది. "పన్నేగా, చెబితే నువ్వు టెన్షన్ పడతావని ఊరుకున్నా" అంది. ఆ మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

నేల మీద ఓర్చుకోగలిగిన పన్ను ఆకాశంలో ఎందుకంత బాధపెట్టిందో తర్వాత డెంటిస్ట్ చెప్పారు. విమానం పైకెళ్ళాక లోపల గాలి ఒత్తిడి ఆరేడు వేల అడుగుల కొండ మీద ఉన్నంతకి తగ్గిపోతుంది. పుచ్చులోనో, వదులైన ఫిల్లింగ్ కిందో చిక్కుకున్న గాలి ఉబ్బుతుంది. అక్కడ నరం అప్పటికే వాచి ఉంటే ఇక పోటే పోటు. లవంగంలోని యూజెనాల్ కాసేపు తిమ్మిరెక్కిస్తుంది, అంతే. పుచ్చు పుచ్చులాగే ఉంటుంది.

ఇక ఇన్సూరెన్స్. పాలసీలో డెంటల్ అని రాసుంటే ధైర్యంగా ఉన్నాను. తీరా చూస్తే హఠాత్తుగా వచ్చిన నొప్పికి కొద్దిపాటి మొత్తమే ఇస్తారు, పాత పుచ్చుకి ఏమీ రాదు. రూట్ కెనాల్‌కీ క్యాప్‌కీ కలిపి రెండు వేల డాలర్లు దాటింది. డబ్బు పోయినందుకు కాదు నా బాధ. ఆ అంకె విన్నాక అమ్మ "పీకించెయ్ అమ్మా, ఇంకెన్నాళ్ళు బతుకుతాను" అంది చూడండి, అందుకు.

అందుకే పిల్లలందరికీ చెబుతున్నాను. అమ్మానాన్నల్ని "నొప్పి ఉందా" అని అడగొద్దు, లేదనే అంటారు. ఏ వైపు నములుతున్నారో అడగండి. ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందు డెంటిస్ట్ దగ్గర కూర్చోబెట్టి ఎక్స్‌రే తీయించండి. రూట్ కెనాల్ రెండు మూడు సిట్టింగులు పట్టొచ్చు, క్యాప్ తయారై రావడానికి ఇంకొన్ని రోజులు. చివరి వారంలో వెళితే యాంటీబయాటిక్ రాసి పంపుతారు. దాంతో వాపు తగ్గుతుందేమో గానీ పన్ను బాగుపడదు. పన్ను పీకించాల్సి వస్తే విమానం తేదీ ముందే చెప్పండి. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళయితే అదీ చెప్పండి, సొంతంగా ఆపెయ్యొద్దు. షుగర్ ఉన్నవాళ్ళకి చిగుళ్ళు తప్పకుండా చూపించాలి.

దారి సంగతి కూడా చెప్పాలి. బ్రష్షూ, చిన్న పేస్టు ట్యూబూ చేతి సంచిలోనే ఉండాలి. వంద మిల్లీలీటర్లు దాటితే సెక్యూరిటీలో తీసేసుకుంటారు. విమానంలో గాలి పొడిగా ఉంటుంది, బీపీ మాత్రల్లో కొన్నిటికి నోరు ఎండిపోతుంది. ఉమ్మి తగ్గితే పుచ్చు పెరుగుతుంది. అందుకని మాటిమాటికీ తీపి టీ కాకుండా మంచినీళ్ళు తాగించండి. కట్టుడు పళ్ళుంటే మూత గట్టిగా ఉన్న డబ్బా ఇవ్వండి. భోజనం ట్రేలో టిష్యూలో చుట్టిపెడితే ట్రేతో పాటే వెళ్ళిపోతాయి.

వచ్చే వేసవికి మా అత్తయ్యగారు వస్తున్నారు. టికెట్ ఇంకా కొనలేదు. మొన్న శనివారం ఎక్స్‌రేలో, ఆవిడ ఎప్పుడూ నొప్పి అనని పళ్ళు రెండు పుచ్చిపోయి కనబడ్డాయి. ఒకదానికి మొదటి సిట్టింగ్ అయింది. రెండోది గురువారం.