ప్రత్యర్థులు కావలెను

ప్రపంచంలో సమస్యలకు కొదవ లేదు. దాదాపు ప్రతిదానికీ ఎక్కడో ఒక కమిటీ ఉంది, దానికో అధ్యక్షుడు ఉన్నాడు. కానీ అక్టోబరు మూడో శనివారం తనతో ఆడడానికి ఎవరూ దొరక్క అల్లాడిపోయే అమెరికన్ యూనివర్సిటీ గోడు వినే నాథుడే లేడు. ఆ లోటు కొంతైనా తీర్చాలని ఈ వ్యాసం.

తెలియనివారికి నాలుగు ముక్కలు. అమెరికాలో ఫుట్‌బాల్ అంటే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. కాలేజీ ఫుట్‌బాల్ అంటే శనివారం వచ్చేసరికి ఊరు ఊరంతా స్టేడియంలో కూర్చునే వ్యవహారం. సీజన్‌కి 12 మ్యాచ్‌లు. కాలేజీ ఏదైనా ఒక కాన్ఫరెన్స్‌లో, అంటే కొన్ని కాలేజీల కూటమిలో ఉంటే, ఆ 12లో ఎనిమిదో తొమ్మిదో కూటమే వేసిపెడుతుంది. మిగతా మూడు నాలుగు సొంతంగా చూసుకుంటే సరిపోతుంది. కూటమిలోంచి బయటికి రావాలనుకునే పెద్దలు మాత్రం ఎప్పుడూ రెండే లెక్కలు వేస్తారు: వదిలి వెళ్లడానికి కట్టాల్సింది ఎంత, అవతల వచ్చే టీవీ డబ్బు ఎంత. ఆ ఎనిమిది శనివారాలు రేపు ఎవరు నింపుతారని అడిగేవాడు ఆ గదిలో ఉండడు. ఉన్నా, అతని కుర్చీ తలుపు దగ్గర వేస్తారు.

కనెక్టికట్ యూనివర్సిటీనే తీసుకోండి. అందరూ యూకాన్ అంటారు. బాస్కెట్‌బాల్‌లో మహా ఘనులు. 2019 జూన్‌లో వీళ్లు అమెరికన్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్‌కి ఒక నమస్కారం పెట్టి, పాత నేస్తాలున్న బిగ్ ఈస్ట్‌కి తిరిగి వెళ్లిపోతున్నామన్నారు. అందుకు 1 కోటి 70 లక్షల డాలర్లు కట్టారు. 2020 జులై 1న గడప దాటారు. బాస్కెట్‌బాల్ వరకు అంతా శుభమే. చిక్కల్లా ఒక్కటే, బిగ్ ఈస్ట్‌లో ఫుట్‌బాల్ లేదు. పోనీ ఫుట్‌బాల్ జట్టు ఒక్కదాన్నీ ఉంచుకోండంటే పాత కూటమి ససేమిరా. అలా ఆ జట్టు ‘ఇండిపెండెంట్’ అయింది. మన ఎన్నికల్లో ఇండిపెండెంట్‌గా నిలబడ్డవాడికి కనీసం కుక్కరో కుట్టుమిషనో గుర్తుగా ఇస్తారు. వీళ్లకి ఖాళీ క్యాలెండర్ ఇచ్చారు.

మొదటి ఏడాదే కోవిడ్ వచ్చి సీజన్ మొత్తం రద్దు చేసుకున్నారు. ఇండిపెండెంట్‌గా యూకాన్ ఒక్క ఓటమి కూడా లేకుండా గడిపిన సంవత్సరం అదే.

అసలు కథ ఆ తర్వాత. సెప్టెంబరులో పెద్దగా బాధ లేదు. పెద్ద కాన్ఫరెన్సులు బయటివాళ్లతో ఆడేది ఎక్కువగా అప్పుడే కాబట్టి, ఎవరిని అడిగినా ఏదో ఒక డేటు దొరుకుతుంది. అక్టోబరు వచ్చిందంటే అందరూ తలుపులేసుకుని లోపల్లోపలే కొట్టుకుంటారు. నవంబరు సంగతి చెప్పనే అక్కర్లేదు. పోనీ ముందుగానే మాట్లాడి పెట్టుకుందామా అంటే, మంచి జట్లు 2030ల దాకా కాగితాలు రాసేసుకుని కూర్చున్నాయి. ఆ మ్యాచ్ ఆడబోయే కుర్రాడు ప్రస్తుతం ఎక్కాలు బట్టీ పడుతున్నాడు. తొమ్మిదో ఎక్కం దగ్గర తడబడుతూ ఉంటాడు. ఈలోగా ఆ రెండు కాలేజీల్లో ఒకటి కూటమి మారితే, రాసుకున్న కాగితం మళ్లీ లాయర్ దగ్గరికి పోతుంది.

ఇలాంటి స్థితిలో ఉన్న అథ్లెటిక్ డైరెక్టర్ గారు మొహమాటం వదిలేసి పేపర్లో ప్రకటన ఇస్తే ఇలా ఉంటుంది:

“కావలెను. అక్టోబరు మూడో శనివారానికి ఒక ప్రత్యర్థి. మరీ బలవంతులు వద్దు, మా కోచ్ ఉద్యోగం పోతుంది. మరీ బలహీనులూ వద్దు. కింది స్థాయి జట్లను ఎన్నిటిని ఓడించినా, సీజన్ అయ్యాక మంచి జట్లకు దక్కే బౌల్ మ్యాచ్‌కి కావాల్సిన ఆరు గెలుపుల్లో ఒక్కటే లెక్కలోకి వస్తుంది. మీ ఊరికి మేమొకసారి, మా ఊరికి మీరొకసారి అన్న పద్ధతి ఉత్తమం. మీరు మరీ పెద్దవారైతే మేం రెండుసార్లు వస్తాం, మీరు ఒక్కసారి వస్తే చాలు. అసలు రామంటారా, చెక్కు పంపండి, మేమే వస్తాం. హవాయివారికి ప్రాధాన్యం.”

చివరి మాట సరదాకి కాదు. హవాయి వెళ్లి ఆడిన జట్టు అదనంగా 13వ మ్యాచ్ పెట్టుకోవచ్చని నిబంధన ఉంది. న్యూమెక్సికో స్టేట్ యూనివర్సిటీ ఈ దారిలో చాలా దూరం వెళ్లింది. 2017 సీజన్ తర్వాత సన్ బెల్ట్ కాన్ఫరెన్స్ వాళ్లను వదిలించుకుంటే, వెళ్లి వెళ్లి తమలాంటి ఒంటరి పక్షి లిబర్టీ యూనివర్సిటీని పట్టుకున్నారు. 2018లో ఇద్దరూ రెండుసార్లు ఆడారు. అది చాలదని 2019లో మళ్లీ రెండుసార్లు. 2021లో హవాయితో రెండుసార్లు. క్యాలెండర్ నిండింది కదా, ఇంకేం కావాలి?

2021లో యూకాన్ పన్నెండు ఆడి పదకొండు ఓడింది. సెప్టెంబరులో హోలీ క్రాస్ అనే కింది స్థాయి జట్టు సొంతగడ్డ మీదే వాళ్లను ఓడించింది. మర్నాడు కోచ్ రిటైర్మెంట్ ప్రకటించాడు. అక్టోబరు 9న మరో ఇండిపెండెంట్, మసాచుసెట్స్ యూనివర్సిటీతో మ్యాచ్. వాళ్లు అప్పటికి వరసగా 16 మ్యాచ్‌లు ఓడి ఉన్నారు. యూకాన్ పెద్ద మనసుతో వాళ్ల వ్రతం ముగించి పంపింది. ఆ ఏడాది యూకాన్ గెలిచిన ఒకే ఒక్క మ్యాచ్ యేల్ మీద. ఆటగాళ్లకు అథ్లెటిక్ స్కాలర్‌షిప్పులే ఇవ్వని కాలేజీ అది.

డబ్బు తీసుకుని ఓడడానికి వెళ్లే పద్ధతి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంత నిజాయితీ గల ఒప్పందం ఇంకే రంగంలోనూ కనబడదు. దీన్ని గ్యారంటీ గేమ్ అంటారు. పెద్ద కాలేజీ చిన్న కాలేజీకి పది పన్నెండు లక్షల డాలర్లో, అంతకంటే ఎక్కువో ఇస్తుంది. చిన్న కాలేజీ బస్సో విమానమో ఎక్కి వచ్చి, లక్షమంది ముందు తుక్కుతుక్కుగా ఓడి, చెక్కు జేబులో పెట్టుకుని ఇంటికి పోతుంది. 2022లో యూకాన్ మిషిగన్ వెళ్లి 59-0తో ఓడి వచ్చింది. ఇచ్చిన పనిని అంత నిష్ఠగా చేసే కాంట్రాక్టర్లు మన దగ్గర అరుదు.

కానీ కొందరికి ఈ మర్యాద తెలియదు. 2022 సెప్టెంబరు 10నే చూడండి. టెక్సాస్ ఏ అండ్ ఎం 15 లక్షల డాలర్లు ఇచ్చి అప్పలాచియన్ స్టేట్‌ని పిలిపించుకుంది, 14-17తో ఓడింది. అదే రోజు నోటర్‌డామ్ 12 లక్షల 50 వేలు ఇచ్చి మార్షల్‌ని పిలిపించుకుంది, 21-26తో ఓడింది. అదే రాత్రి నెబ్రాస్కా 14 లక్షల పైచిలుకు ఇచ్చి జార్జియా సదరన్‌ని పిలిపించుకుంది, 42-45తో ఓడింది. నెబ్రాస్కా అంతటితో ఆగలేదు. మర్నాడే కోచ్ స్కాట్ ఫ్రాస్ట్‌ని తీసేసింది. అక్టోబరు 1 దాకా ఓపిక పట్టి ఉంటే అతనికి ఇవ్వాల్సిన పరిహారం 1 కోటి 50 లక్షల డాలర్ల నుంచి సగానికి పడిపోయేది. మూడు వారాల ముచ్చటకి 75 లక్షలు! ఆ డబ్బుతో ఇంకో అయిదు జట్లను పిలిపించుకుని హాయిగా ఓడవచ్చు. నోటర్‌డామ్ అయినా గుణపాఠం నేర్చుకుందా? 2024లో నార్తర్న్ ఇల్లినాయ్‌కి 14 లక్షలు ఇచ్చి 14-16తో ఓడింది.

ప్రత్యర్థి దొరక్కపోతే తయారు చేసుకోవచ్చు కదా అంటారా? అదీ చూశారు. కూటమిలో ఉన్న రోజుల్లోనే, 2015లో, యూకాన్ కోచ్ బాబ్ డియాకో తమకూ ఫ్లోరిడాలోని యూసీఎఫ్ అనే యూనివర్సిటీకీ మధ్య బద్ధవైరం ఉందని స్వయంగా ప్రకటించి, దానికో ట్రోఫీ కూడా చేయించాడు. రెండు యూనివర్సిటీలకీ మధ్య వెయ్యి మైళ్ల పైనే. ఇలాంటి వైరం ఒకటి ఉందన్న సంగతి అవతలివాళ్లకి ఎవరూ చెప్పలేదు. 2016లో యూసీఎఫ్ గెలిచింది. మామూలుగా ఇలాంటి ట్రోఫీ కోసం కుర్రాళ్లు మైదానానికి అడ్డంగా పరిగెత్తుకుంటూ వెళ్లి ఎత్తుకుపోతారు. యూసీఎఫ్ కుర్రాళ్లు షేక్‌హ్యాండ్లు ఇచ్చి, సామాన్లు సర్దుకుని, ట్రోఫీని అక్కడే వదిలేసి వెళ్లిపోయారు. తర్వాత దాని ఆచూకీ పెద్ద మిస్టరీ అయింది.

నిజమైన వైరం ఉన్నచోట మాత్రం డేట్లు దొరకవు. టెక్సాస్, టెక్సాస్ ఏ అండ్ ఎం 1894 నుంచి 2011 దాకా 118 సార్లు తలపడ్డాయి. 2012లో ఏ అండ్ ఎం బిగ్ 12 అనే కూటమి వదిలి ఎస్‌ఈసీ అనే ఇంకో కూటమికి వెళ్లింది. అంతే, రెండు యూనివర్సిటీలకీ ఏడాదికి ఒక్క శనివారం ఖాళీ లేకుండా పోయింది. ఒకళ్లు రమ్మన్నప్పుడు ఇంకొకళ్లకి పని. 2013లో ఒక శాసనసభ్యుడికి ఒళ్లు మండి, ఈ రెండూ ఏటా ఆడి తీరాలని టెక్సాస్ అసెంబ్లీలో బిల్లు పెట్టాడు. మన శాసనసభ్యులకి ఇంకా ఇలాంటి దూరదృష్టి రాలేదు. బిల్లు ఎటూ పోలేదు. చివరికి టెక్సాస్ కూడా అదే ఎస్‌ఈసీలో చేరాక, 2024 నవంబరు 30న మ్యాచ్ జరిగింది. పదమూడేళ్లు దొరకని శనివారం ఒకే గూటికి చేరగానే దొరికింది. డాలస్ చుట్టుపక్కల ఇల్లు కొనుక్కున్న మనవాళ్ల పిల్లల్లో, ఈ రెండు కాలేజీల్లో అడుగుపెట్టి ఆ మ్యాచ్ చూడకుండానే డిగ్రీ పట్టుకుని బయటికొచ్చినవాళ్లు ఎందరో.

భూగోళం గురించి ఎక్కువ మాట్లాడను, అమెరికా కాలేజీలు దాన్ని ఎప్పుడో రద్దు చేశాయి. బిగ్ టెన్ అనే కూటమిలో 18 జట్లున్నాయి, బిగ్ 12లో 16. పసిఫిక్ ఒడ్డునున్న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ ఇప్పుడు అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ సభ్యులు. 2024 అక్టోబరు 19న లాస్ ఏంజిలిస్ యూసీఎల్‌ఏ జట్టు ‘కాన్ఫరెన్స్ మ్యాచ్’ ఆడడానికి దేశం ఈ చివర నుంచి ఆ చివరికి, న్యూజెర్సీ వెళ్లింది. రట్గర్స్ స్టేడియం మన ఎడిసన్ పక్కనే. దోసె తినడానికి కూడా అంత దూరం ఎవరూ వెళ్లరు.

ఈ వలసల్లో బలైంది పశ్చిమ రాష్ట్రాల కూటమి పాక్-12. 2022 జూన్ 30న యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ వెళ్తున్నామన్నాయి. 2023 జులైలో కొలరాడో. ఆగస్టు 4న ఒక్కరోజే అయిదు కాలేజీలు. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ. వందేళ్లకు పైగా చరిత్ర ఉన్న కూటమిలో చివరికి మిగిలింది ఆరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్. ఇద్దరితో కూటమి మీటింగ్ ఎలా జరుగుతుందో ఊహించుకోండి: ఒకరు ప్రతిపాదిస్తారు, ఇంకొకరు బలపరుస్తారు, వ్యతిరేకించడానికి మనిషి ఉండడు. పేరుకి వీళ్లు కూటమిని వదల్లేదు, కూటమే వీళ్లను వదిలేసింది. క్యాలెండర్‌కి ఆ తేడా తెలియదు.

2024లో పక్కనున్న మౌంటెన్ వెస్ట్ అనే కూటమి వాళ్లు ఆదుకున్నారు, ఊరికే కాదు. ఒక్కొక్కరికి ఆరేసి మ్యాచ్‌లు, ఇద్దరికీ కలిపి 1 కోటి 40 లక్షల డాలర్లు. ఆ ఒప్పందంలోనే ఇంకో షరతు: మా సభ్యుల్ని లాక్కుంటే మొదటి కాలేజీకి కోటి డాలర్లు, ఆ పైన ఒక్కో కాలేజీకి అయిదేసి లక్షలు పెంచుకుంటూ కట్టాలి. పాక్-12 సంతకం పెట్టింది. పెట్టాక ఆ సభ్యుల్లో అయిదుగురిని లాక్కుంది. బిల్లు 5 కోట్ల 50 లక్షలయ్యింది. అప్పుడు, అసలు ఈ షరతే చట్టవిరుద్ధమని కోర్టుకెక్కింది. సంతకం పెట్టే పెన్నూ కేసు రాసే పెన్నూ ఒకటే కావచ్చు.

2025 సీజన్‌కి కొత్తవాళ్లింకా రాలేదు, మౌంటెన్ వెస్ట్‌తో ఒప్పందమూ కొనసాగలేదు. వాషింగ్టన్ స్టేట్ కుర్రాళ్లు వరసగా రెండు శనివారాలు మిసిసిపీకి, వర్జీనియాకి తిరిగారు. నవంబరులో మళ్లీ వర్జీనియాకే, వేరే కాలేజీ మీదికి. మిగిలిన లోటు ఎలా పూడ్చాలా అని తలలు పట్టుకుని, నవంబరు 1న ఆరెగాన్ స్టేట్ సొంత ఊరు కొర్వాలిస్‌లో ఆరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ ఆడాయి. నవంబరు 29న వాషింగ్టన్ స్టేట్ సొంత ఊరు పుల్‌మన్‌లో వాషింగ్టన్ స్టేట్, ఆరెగాన్ స్టేట్ ఆడాయి.

ఇక కూటమిని తిరిగి నిలబెట్టాలంటే నిబంధన ప్రకారం ఎనిమిది ఫుట్‌బాల్ జట్లుండాలి. ఏడు పోగయ్యాయి. ఎనిమిదోదాని కోసం దేశమంతా చూస్తుండగా, 2024 అక్టోబరులో పాక్-12 ఎంతో ఆర్భాటంగా గొన్జాగా యూనివర్సిటీని సభ్యురాలిగా ప్రకటించింది. గొన్జాగా బాస్కెట్‌బాల్‌లో దిట్ట. ఫుట్‌బాల్ జట్టు మాత్రం లేదు, 1941 తర్వాత ఆడలేదు. ఎనిమిదో జట్టుగా టెక్సాస్ స్టేట్‌ని పట్టుకోవడానికి మరుసటి జూన్ దాకా పట్టింది. గొన్జాగా కుర్రాళ్లు మాత్రం ‘1941 నుంచి ఓటమి ఎరుగం’ అని టీషర్టులు వేసుకుని తిరుగుతారు. అక్టోబరు మూడో శనివారం వాళ్లకి ఎప్పుడూ ఖాళీయే.