బోర్డింగ్ పాస్ పోతే మనిషి దొంగైపోతుందా?

రాత్రి పదకొండున్నరయింది. అమ్మ పక్క గదిలో పడుకుంది, నిద్రపోయిందో లేదో తెలీదు. నాకు మాత్రం కన్ను మూతపడట్లేదు. పొద్దున్నుంచీ కడుపులో రగులుతున్నది ఇక్కడ కక్కేస్తే తప్ప పడుకోలేను.

జరిగింది చిన్నదే. బెంగుళూరులో ఉన్న చెల్లి దగ్గరికి అమ్మని తీసుకొస్తున్నా. అమ్మకి అరవై ఎనిమిదేళ్ళు, విమానం ఎక్కడం ఇది రెండోసారి. సెక్యూరిటీ దగ్గర ఆడవాళ్ళ లైను వేరు కదా, అక్కడ విడిపోయాం. నేను ఇవతలికొచ్చి బెల్టు వేసుకుంటూ చూస్తే, అమ్మ ట్రేలోంచి బ్యాగు తీసుకోవడానికి తంటాలు పడుతోంది. వెనకనుంచి జనం తోసేస్తున్నారు. వెళ్ళి అందుకున్నా. గేటు దగ్గరికొచ్చాక "పాస్ తియ్యమ్మా" అంటే బ్యాగు వెతికింది. పర్సు వచ్చింది, మాత్రల డబ్బా వచ్చింది, కళ్ళజోడు పెట్టె వచ్చింది, ఆధార్ కార్డు వచ్చింది, చెల్లి పిల్లలకని పొద్దున్నే లేచి చేసిన సున్నుండల డబ్బా వచ్చింది. పాస్ రాలేదు.

సరే, పోయింది. పోతే ఏమవుతుంది? గేటు దగ్గర కంప్యూటరుంది, ప్రింటరుంది. వెళ్ళి చెప్పాను. టికెట్టు మీదుండే బుకింగ్ నంబరు, అదే పీఎన్ఆర్, చెప్పాను, అమ్మ ఆధార్ బల్ల మీద పెట్టాను, ఇంకో కాపీ తియ్యమన్నాను. అక్కడున్న కుర్రాడికి పాతికేళ్ళుంటాయేమో. కార్డు వైపు చూడనైనా చూడలేదు. నాతో మాట్లాడుతున్నవాడల్లా అమ్మ వైపు తిరిగి, "ఎలా పోగొట్టుకుంటారు మేడమ్? ఇది సెక్యూరిటీ విషయం. చదువుకున్నారా అసలు? పక్కన నిలబడండి" అన్నాడు.

చదువుకున్నారా అని.

మా అమ్మ ముప్ఫై ఏళ్ళు అంగన్‌వాడీ నడిపింది. పిల్లల బరువుల రిజిస్టరు, గుడ్ల రిజిస్టరు, బాలింతల రిజిస్టరు, ఏ ఒక్కదాంట్లో ఒక్క కాగితం చిరగనివ్వలేదు. వానాకాలంలో సెంటరు కప్పు కారితే రిజిస్టర్లు తెచ్చి మా మంచం మీద పెట్టి మమ్మల్ని చాప మీద పడుకోబెట్టిన మనిషి. ఆవిణ్ణి, బంగారం ఎత్తుకొచ్చి దొరికిపోయినదాన్లా గోడ పక్కన నిలబెట్టారు. లైన్లో వెళ్ళేవాళ్ళందరూ ఓ చూపు చూసి మరీ వెళ్ళారు. అమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకుని నేల చూపులు చూస్తూ నిలబడింది. "పోనీలేరా, నువ్వు వెళ్ళు, నేను బస్సులో ఇంటికెళ్ళిపోతా" అంది ఒకసారి. ఆ మాట విన్నప్పుడు నాకెలా ఉందో ఇక్కడ రాయలేను.

పద్దెనిమిది నిమిషాలు! నా కళ్ళు గోడ గడియారం మీదే ఉన్నాయి, ఎందుకంటే విమానం బయల్దేరడానికి పాతిక నిమిషాల ముందు గేటు మూసేస్తారు. ఆ తర్వాత ఎక్కణ్ణుంచో నలభై దాటిన ఒకావిడ వచ్చింది, అదే యూనిఫాం. ఏమైందని అడిగింది. ఆధార్ తీసి మొహం చూసింది, ఆరక్షరాల పీఎన్ఆర్ కొట్టింది, ప్రింటరు చర్రుమంది. అయిపోయింది. నిమిషం కూడా పట్టలేదు. "స్టాంపు మళ్ళీ వేయించాలి, రండమ్మా" అని తనే సెక్యూరిటీ దాకా తీసుకెళ్ళింది. అక్కడ తనిఖీ చేసే సీఐఎస్ఎఫ్ (కేంద్ర భద్రతా దళం) అమ్మాయి "ఇందాక నేనే చెక్ చేశాను కదా, గుర్తున్నారు" అని హిందీలో నవ్వుతూ అని ముద్ర వేసి ఇచ్చింది. పోయి రావడానికి నాలుగు నిమిషాలు.

మరి ఆ పద్దెనిమిది నిమిషాలు దేనికి? నాకు ఎవరైనా చెప్పండి. నిమిషం పని అది. ఆ కుర్రాడికి చేతకాక కాదు, చేసే ఉద్దేశం లేదు. ఆ ఎయిర్‌లైన్ పేరు ఇక్కడ రాయను. రాస్తే గొడవంతా ఆ ఒక్క కంపెనీదే అనుకుంటారు. ఏ కౌంటరు దగ్గరైనా ఇదే వరస. చీర కట్టుకుని, చేతిసంచి పట్టుకుని, తెలుగులో మాట్లాడే పెద్దావిడ కనిపిస్తే చాలు, గొంతు లేస్తుంది. అదే మా అమ్మ స్థానంలో లాప్‌టాప్ బ్యాగేసుకుని ఇంగ్లీషు మాట్లాడే వాడుంటే "నో ప్రాబ్లమ్ సర్" అని క్షణంలో ప్రింటు తీసి చేతిలో పెట్టేవాడు. ఇది మీ అందరికీ తెలుసు. మీ ఇంట్లోనూ జరిగే ఉంటుంది.

"సెక్యూరిటీ విషయం" అన్నాడు చూడండి, దాని సంగతీ చెప్తా. ఆ పాస్ మీద గీతల పెట్టె ఒకటుంటుంది కదా, బార్‌కోడ్. అందులో ఉండేది మన పేరు, పీఎన్ఆర్, విమానం నంబరు, తేదీ, సీటు, చెక్-ఇన్ చేసిన వరుస సంఖ్య. అవన్నీ వాళ్ళ కంప్యూటర్లో ఉన్నవే. రెండోసారి ప్రింటు తీసినా అదే సీటు, అదే వరుస సంఖ్య వస్తాయి. ఒక పాస్ గేటు దగ్గర స్కాన్ అయ్యాక అదే సీటు మీద ఇంకొకడు వస్తే మెషిను అక్కడే పట్టేస్తుంది. అమ్మ పాస్ నేల మీద దొరికినవాడు దాంతో ఏ విమానం ఎక్కుతాడు? కాగితం పోయింది, అంతే. టికెట్టు పోలేదు, సీటు పోలేదు, మనిషి ఎదురుగానే ఉంది.

అందుకే చెప్తున్నా, మీ ఇంట్లో పెద్దవాళ్ళకీ చెప్పండి. పాస్ పోతే ప్రయాణం పోదు. సెక్యూరిటీకి ముందే పోతే చెక్-ఇన్ కౌంటరుకి వెళ్ళి గుర్తింపు కార్డు, పీఎన్ఆర్ చూపిస్తే ఇంకోటిస్తారు, లేదంటే అక్కడుండే కియోస్క్ మెషిన్లో మీరే తీసుకోవచ్చు. కాకపోతే దేశంలో తిరిగే విమానాలకి సాధారణంగా గంట ముందే కౌంటరు మూసేస్తారు, ఆలస్యం చెయ్యకండి. సెక్యూరిటీ దాటాక పోతే వెనక్కి పరిగెత్తకండి. దారిలో ట్రేల దగ్గర ఒకసారి అడగండి, సగం పాస్‌లు ట్రేల అడుగునే ఉండిపోతాయి. దొరక్కపోతే నేరుగా మీ విమానం గేటు దగ్గరికెళ్ళండి. స్టాంపు వేసే ఎయిర్‌పోర్టయితే కొత్తదాని మీద మళ్ళీ వేయించుకోవాలి. ఫోన్లో ఎయిర్‌లైన్ యాప్‌లోనో మెయిల్‌లోనో ఇంకో కాపీ ఉంటే చాలాచోట్ల అదే చూపించొచ్చు. మా అమ్మకి మాత్రం ఉన్నది బటన్ల ఫోను. యాప్ అంటారు, డిజియాత్ర అంటారు, మొహం చూపిస్తే తలుపు తెరుచుకుంటుందంటారు. 2022 డిసెంబరులో మొదలెట్టారు అది. మంచిదే. బటన్ల ఫోను ఉన్నవాళ్ళు ఏ తలుపు దగ్గర నిలబడాలో కూడా చెప్పాలి కదా?

ఇంకోటి, డబ్బులడిగితే ఇవ్వకండి. ఒకప్పుడు కౌంటరు దగ్గర పాస్ ప్రింటు తీసినందుకు రెండు వందలు గుంజేవాళ్ళు, గుర్తుందా? 2022 జులైలో పౌర విమానయాన శాఖే చెప్పింది, చెక్-ఇన్ కౌంటర్లో బోర్డింగ్ పాస్ ఇచ్చినందుకు అదనంగా వసూలు చెయ్యకూడదు, అది 1937 విమాన నిబంధనలకి విరుద్ధం అని. టికెట్టు కొన్నవాడికి కాగితం ఇవ్వడానికి రెండు వందలా అని అడగడానికి ప్రభుత్వం దిగిరావాల్సొచ్చింది!

పాస్‌ని ఫొటో తీసి పెట్టుకోండి. అయితే ఫొటో తీసి మీ ఫోన్లోనే ఉంచుకోండి, దయచేసి. మనవాళ్ళకి ఒక జబ్బుంది, కాఫీ కప్పు పక్కన పాస్ పెట్టి ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టడం. ఆస్ట్రేలియా మాజీ ప్రధాని టోనీ అబాట్ 2020లో తన పాస్ ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే, ఒక కుర్రాడు దాని మీదున్న బుకింగ్ నంబరు పట్టుకుని ఎయిర్‌లైన్ వెబ్‌సైట్లోకి వెళ్ళి ఆయన పాస్‌పోర్టు నంబరు, ఫోను నంబరు దాకా బయటికి లాగాడు. ప్రధానిగా చేసినాయనకే ఆ గతి పట్టింది. పీఎన్ఆరూ ఇంటి పేరూ తెలిస్తే చాలాచోట్ల మీ బుకింగ్ మొత్తం తెరుచుకుంటుంది. నా స్నేహితుల లిస్టులోనే కనీసం పదిమంది ఉన్నారు ఇలా పెట్టేవాళ్ళు. తీసెయ్యండి.

ఎటో వెళ్ళిపోయాను. నన్ను ఇంతకన్నా ఎక్కువ కాల్చిందొకటుంది. మా వీధిలో ఒకావిడ కువైట్‌లో ఇంటి పనికి వెళ్తుంది. కోనసీమ నుంచి అలా వెళ్ళే ఆడవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. రెండు విమానాలు మారాలి. రెండు పాస్‌లూ ఇక్కడే చేతికిచ్చారు. మధ్యలో దిగిన ఎయిర్‌పోర్టులో రెండోది కనపడలేదు. భాష రాదు. ఎవర్నడగాలో తెలీదు. అడిగితే వెనక్కి పంపించేస్తారేమోనని భయం, ఏజెంటుకి కట్టిన అప్పు ఇంకా తీరలేదు. పాస్‌పోర్టూ వీసా కాగితాలూ ఉన్న ప్లాస్టిక్ కవరు గుండెకి హత్తుకుని నాలుగు గంటలు ఒక కుర్చీలో కూర్చుని ఏడ్చిందట. చివరికి తెలుగు మాటలు వినపడి ఒకతన్ని ఆపితే, అతను ట్రాన్స్‌ఫర్ డెస్కుకి, అంటే విమానం మారేవాళ్ళ కోసం ఉండే కౌంటరుకి, తీసుకెళ్ళాడు. పాస్‌పోర్టు చూసి రెండు నిమిషాల్లో కొత్తది ఇచ్చారు. రెండు నిమిషాల పనికి నాలుగు గంటల ఏడుపు. ట్రాన్స్‌ఫర్ డెస్కు అనేది ఒకటుంటుందని ఆవిడకి చెప్పినవాడు లేడు. డబ్బులు తీసుకున్న ఏజెంటు చెప్పలేదు, టికెట్టు ఇచ్చినవాడు చెప్పలేదు, పాస్ చేతిలో పెట్టిన కౌంటరువాడూ చెప్పలేదు.

అసలు ఈ బోర్డింగ్ పాస్‌తో నా గొడవ ఈనాటిది కాదు. మేం ప్రభుత్వ కాలేజీ వాళ్ళం, పాస్ విలువ మాకు విమానం దిగాకే తెలుస్తుంది. ఢిల్లీలో సెమినార్‌కి వెళ్ళొచ్చి టీఏ బిల్లు, అంటే ప్రయాణ ఖర్చుల బిల్లు, పెట్టాను. తిరుగు ప్రయాణం పాస్ ఎక్కడో పోయింది. వెళ్ళేటప్పటిది ఉంది కానీ, ఆ నెల్లాళ్ళూ స్కూటీ డిక్కీలో ఉండి తెల్లగా అయిపోయింది. అది థర్మల్ కాగితం, ఇంకుతో కాదు వేడితో అచ్చేసేది, చాలా రోజులు వేడిలో ఉంటే అక్షరాలు ఎగిరిపోతాయి. లామినేషన్ చేయించబోతే ఇంకా ఘోరం, మొత్తం నల్లగా మాడిపోతుంది. టికెట్టు జత చేశాను. సెమినార్ వాళ్ళిచ్చిన హాజరు సర్టిఫికెట్టు జత చేశాను. బ్యాంకు స్టేట్‌మెంటు జత చేశాను. బిల్లు మూడుసార్లు వెనక్కొచ్చింది. "విమానం ఎక్కినట్టు రుజువేంటి?" అని ఎర్ర ఇంకుతో రాసి పంపారు. ఢిల్లీలో మూడు రోజులు ఉన్నట్టు సంతకాలున్నాయి, మర్నాడు ఇక్కడ క్లాసు చెప్పినట్టు అటెండెన్సు రిజిస్టర్లో సంతకముంది. మధ్యలో నేను ఎగిరొచ్చానని నమ్మడానికి వాళ్ళకి ఆ అరచేతిలో పట్టే ముక్కే కావాలి. ఆఖరికి ఎవరో సీనియర్ చెప్తే ఎయిర్‌లైన్‌కి మెయిల్ పెట్టి, ఫలానా తేదీన ఫలానా విమానంలో ప్రయాణించారని ఉత్తరం తెప్పించుకున్నా. అలా ఇస్తారని అప్పటిదాకా మా ఆఫీసులో నాకెవరూ చెప్పలేదు. ఆ బిల్లు డబ్బులు చేతికొచ్చేసరికి ఏడు నెలలు. ఎల్‌టీసీ (సెలవు ప్రయాణ ఖర్చులు), టీఏ పెట్టుకునేవాళ్ళు దిగిన రోజే పాస్ జిరాక్స్ తీయించుకోండి. రేపు చూద్దాం అనుకోకండి.

ఎక్కడికెళ్ళినా ఇదే. మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా నమ్మరు, కాగితాన్ని నమ్ముతారు. ఆ కాగితం పోతే మనిషిని తిట్టే హక్కు వచ్చేసిందనుకుంటారు. ఆ కుర్రాడు తప్పైపోయిందమ్మా అని ఒక్క మాట అనుంటే నేనీ పోస్టు రాసేవాణ్ణి కాదు. పాస్ స్కాన్ చేసి, తల కూడా ఎత్తకుండా "నెక్స్ట్" అన్నాడు. రేపు కంపెనీకి ఫిర్యాదు పంపుతున్నా. సాయం చేసినావిడ గురించి కూడా అందులో రాస్తా, ఆవిడకి మంచి జరగాలి.

విమానంలో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. పోయినసారి మబ్బులు చూసి చిన్నపిల్లలా సంబరపడింది. ఈసారి కొత్త పాస్ రెండు చేతులతో పట్టుకుని దిగేదాకా దాన్నే చూస్తూ కూర్చుంది. మంచినీళ్ళు తాగమంటే కూడా చెయ్యి తియ్యలేదు.

ఇందాక తొమ్మిదింటికి అన్నం తిన్నాక, మాత్రలు వేసుకోవడానికి కళ్ళజోడు పెట్టె తెరిచింది. అద్దాలు తుడిచే గుడ్డ కింద నాలుగు మడతలు పెట్టి ఉంది పాత పాస్, గుండ్రటి ముద్రతో సహా. ఎక్కడా పోకూడదని అక్కడ దాచింది. మడతలు విప్పి, మోకాలి మీద పెట్టి, చేత్తో సాపు చేసి నాకిచ్చింది.

"వాళ్ళకి ఫోన్ చేసి దొరికిందని చెప్పరా, పాపం వెతుక్కుంటుంటారేమో" అంది.