సవరణ: రెండు సీట్ల స్పిట్‌ఫైర్ గురించి

మొన్న నేను రెండు సీట్ల స్పిట్‌ఫైర్లు (బ్రిటిష్ యుద్ధ విమానాలు) రెండో ప్రపంచ యుద్ధంలోనే బ్రిటిష్ ఎయిర్‌ఫోర్స్ ట్రైనింగ్‌కి వాడిందని, తర్వాత అవన్నీ ఐర్లాండ్‌కి వెళ్ళాయని రాశాను కదా, రెండూ తప్పే, తొందరపడ్డాను. వికర్స్ కంపెనీ వాళ్ళు ఒక మార్క్ 8 మోడల్ స్పిట్‌ఫైర్‌ని మార్చి ప్రోటోటైప్ (మొదటి నమూనా) చేసింది 1946లో, అంటే యుద్ధం అయిపోయాకే. ఆ తర్వాత మార్క్ 9 బాడీలతో చేసినవి మొత్తం 20, వాటిలో ఐర్లాండ్‌కి పోయినవి 6 మాత్రమే. నెదర్లాండ్స్‌కి 3, ఈజిప్ట్‌కి 1, మిగతా 10 ఎక్కడికనుకున్నారు, మన ఇండియాకే! సగం మనవే అయితే ఆ మాటే మర్చిపోయి రాశాను, సిగ్గుగానే ఉంది.

ముందున్న కాక్‌పిట్‌ని (పైలట్ కూర్చునే చోటు) పదమూడున్నర అంగుళాలు ముక్కువైపు జరిపి, వెనక ఇన్‌స్ట్రక్టర్‌కి ఇంకోటి పెట్టారు, అది కాస్త ఎత్తులో ఉంటుంది, లేకపోతే ముందున్న స్టూడెంట్ తల తప్ప ఆయనకేం కనిపిస్తుంది చెప్పండి. చూడ్డానికి మాత్రం గూని వచ్చినట్టుంటుంది, నాకైతే నచ్చదు.

నిజంగా యుద్ధం నడుస్తుండగా చేసిన రెండు సీట్ల ట్రైనింగ్ విమానం కావాలంటే జర్మన్ల మెసర్‌ష్మిట్ 109 జి-12 చూడాలి, పాత జి మోడల్స్‌నే మార్చి చేశారు. అందులోనూ ఇన్‌స్ట్రక్టర్ వెనకే, మొన్న ముందు అని రాసింది నా పొరపాటు.