మెమరీని ఎవరు ఫ్రీ చేయాలి? ఎవరూ చేయక్కర్లేదు

పైథాన్, గో, రస్ట్ లాంటి భాషల్లో హాయిగా కోడ్ రాసుకునేవాళ్లకు అప్పుడప్పుడూ సీ ఫంక్షన్లతో పని పడుతుంది. అలా పడినప్పుడల్లా మెమరీని ఎవరు ఫ్రీ చేయాలి, అంటే వాడుకున్నాక ఎవరు తిరిగిచ్చేయాలంటూ కొందరు అనవసరంగా రాద్ధాంతం చేస్తున్నారు. ఎవరూ చేయక్కర్లేదని నా నిశ్చితాభిప్రాయం.

1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ తయారుచేసిన సీలో మూడు షరతులు నడుస్తున్నాయి. మాలాక్ అనే ఫంక్షన్‌తో తీసుకున్న మెమరీని ఫ్రీ అనే ఫంక్షన్‌తో తిరిగిచ్చేయాలి, ఒక్కసారే ఇవ్వాలి, ఇచ్చాక దాని జోలికి పోకూడదు. ఇన్ని దశాబ్దాలైనా మహామహుల వల్లే కాలేదంటే తప్పు షరతులదే.

పైగా సీ మనకు సహకరిస్తుందా అంటే అదీ లేదు. ఒక ఫంక్షన్ చార్ పాయింటర్, అంటే మెమరీలో అక్షరాలున్న చోటి అడ్రస్, ఇస్తుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చదివే గెట్‌ఎన్వ్ ఇచ్చిందైతే దాన్ని ఫ్రీ చేయకూడదు. స్ట్రింగ్‌కు కాపీ తీసే స్ట్ర్‌డప్ ఇచ్చిందైతే మనమే ఫ్రీ చేయాలి. డేటాబేస్ లైబ్రరీ ఎస్‌క్యూలైట్‌లోని ఎగ్జెక్ ఫంక్షన్ ఇచ్చిన ఎర్రర్ మెసేజ్ అయితే దాని సొంత ఫ్రీ ఫంక్షన్‌తోనే వదలాలి. పైకి చూస్తే అన్నీ ఒకే టైపు. తేడా తెలియాలంటే డాక్యుమెంటేషన్ చదవాలట! అంత ఓపికే ఉంటే పైథాన్ ఎందుకు నేర్చుకుంటాం?

పైథాన్ నుంచి సీ ఫంక్షన్లను పిలిచే సీటైప్స్ ఈ విషయంలో మనసున్న లైబ్రరీ. ఫంక్షన్ ఏ టైపు తిరిగిస్తుందో మనం చెప్పకపోతే ఏమీ అనదు, ఇంట్ (చిన్న పూర్ణాంకం) అనుకుని సర్దుకుపోతుంది. అరవై నాలుగు బిట్ల అడ్రస్‌లో పై సగం కత్తిరించుకుపోతుంది, అంతే. అడ్రస్ చిన్నదైతే టెస్టింగ్‌లో బతికిపోతుంది కూడా. పెద్దదైతే డెమో రోజు సెగ్‌ఫాల్ట్, అంటే ప్రోగ్రామ్ క్రాష్.

కొందరు బుద్ధిమంతులు రిటర్న్ టైపు సీ_చార్_పీ (సీ స్ట్రింగ్ పాయింటర్) అని రాస్తారు. అప్పుడు పైథాన్ ఆ స్ట్రింగ్‌ను చక్కగా బైట్స్‌గా కాపీ చేసి చేతిలో పెడుతుంది. అసలు పాయింటర్ మాత్రం గాలికి పోతుంది. స్ట్ర్‌డప్ ఇచ్చిందాన్ని ఫ్రీ చేద్దామన్నా అడ్రస్ ఉండదు. నా వాదనకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? సీ_వాయిడ్_పీగా, అంటే ఉత్త అడ్రస్‌గా తీసుకుని, మనమే కాపీ చేసుకుని, ఆ తర్వాత ఫ్రీ చేయవచ్చని ఛాదస్తులు చెబుతారు. వినకండి.

కాల్‌బ్యాక్ సంగతి మరీ ముచ్చటైనది. తర్వాత పిలవమని ఒక పైథాన్ ఫంక్షన్‌ను సీకి అప్పగించి మనం మర్చిపోతాం. మన దగ్గర రిఫరెన్స్ లేదు కాబట్టి ఇది ఎవరికీ అక్కర్లేదనుకుని పైథాన్ దాన్ని తీసిపారేస్తుంది. కాసేపటికి సీ తాపీగా ఆ అడ్రస్‌కు ఫోన్ కొడుతుంది. ఆ క్రాష్ ఎక్కడిదో వెతకడానికి ఒక వారాంతం కేటాయించుకోండి, టీమ్ బాండింగ్‌కు మంచిది.

రస్ట్ వాళ్ల దగ్గర ఈ వేషాలు సాగవని అనుకుంటాం కదా? తాత్కాలిక సీస్ట్రింగ్ (సీకి ఇచ్చే స్ట్రింగ్) మీద, పాయింటర్ తీసిచ్చే యాజ్_పీటీఆర్ పిలిచి ఆ పాయింటర్‌ను వేరియబుల్‌లో దాచుకుంటే, ఆ వాక్యం పూర్తయ్యేసరికి స్ట్రింగ్ చచ్చిపోతుంది, పాయింటర్ మిగులుతుంది. కంపైలర్ వార్నింగ్ ఇస్తుంది పాపం. వార్నింగులు చదివే అలవాటున్న వాళ్ల గురించి కాదు నేను రాస్తున్నది. పైన అన్‌సేఫ్ బ్లాక్ (కంపైలర్ కాపలా సడలించే చోటు) పెట్టి, ‘సేఫ్టీ: ఇది సేఫే’ అని కామెంట్ రాస్తే కోడ్ రివ్యూ దాటేస్తుంది.

గోలో, స్ట్రింగ్‌ను సీ కోసం కాపీ చేసే సీ.సీస్ట్రింగ్ పిలిస్తే వచ్చేది మాలాక్ మెమరీ, అక్కర్లేని మెమరీని తానే ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ దాని వైపు కన్నెత్తి చూడదు. అంటే గో రూపకర్తలు కూడా నా పక్షమే. జావా వాళ్లు మాత్రం ద్రోహం చేశారు. 2024లో వచ్చిన జావా 22లో అరీనా అనేది, అంటే తీసుకున్న మెమరీని మూయగానే వదిలేసే ఏర్పాటు, ఖాయం చేశారు. దాన్ని మూశాక ఆ మెమరీని జావా కోడ్ ముట్టుకుంటే క్రాష్ బదులు మర్యాదగా ఎక్సెప్షన్ వస్తుంది. ఇక థ్రిల్ ఎక్కడిది?

ఇలాంటి రసహీనులు అన్ని భాషల్లోనూ ఉన్నారు. సీతో మాట్లాడే కోడంతా ఒకే మూల పెడతారు. క్రియేట్ ఉన్నచోట డిస్ట్రాయ్ ఉందో లేదో చూస్తారు. ఏ లైబ్రరీ ఇచ్చిన మెమరీని ఆ లైబ్రరీతోనే ఫ్రీ చేయిస్తారు. మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్ పెట్టి టెస్టులు నడుపుతారు. ఆన్‌కాల్‌లో ఉండి కూడా రాత్రంతా నిద్రపోతారు. వీళ్లకు ప్రమోషన్ ఎలా వస్తుందో నాకైతే అర్థం కాదు, ఆర్పడానికి మంటలే లేవు కదా.

మన పద్ధతిలో మెమరీ పెరుగుతూ పోతుందనే టెన్షన్ అక్కర్లేదు. రోజూ తెల్లవారుజామున సర్వర్‌ను రీస్టార్ట్ చేసే క్రాన్ జాబ్ ఒకటి రాసి, రిపోర్టులో దాన్ని ‘నివారణ చర్య’ అని చూపించండి.