ముందొచ్చిందే మెయిన్ క్లాజు అని ఎవరు చెప్పారండీ?

మా అన్నయ్య కూతురు ఎనిమిదో తరగతి. సాయంత్రం యూనిట్ టెస్టు పేపరు తెచ్చి నా చేతిలో పెట్టింది. అది చూసినప్పటి నుంచి ఒళ్లు మండిపోతోంది. "వెన్ ద బెల్ ర్యాంగ్, ద చిల్డ్రన్ ర్యాన్ అవుట్" అనే వాక్యం ఇచ్చి, మెయిన్ క్లాజు, అంటే ఒంటరిగా నిలబడగల ముక్క, కింద గీత గీయమన్నారు. పిల్ల "ద చిల్డ్రన్ ర్యాన్ అవుట్" కింద గీసింది. ముమ్మాటికీ సరైన జవాబు. దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసి, ముందున్న ముక్క కింద లావుగా గీత గీశారు. ఫోను చేసి అడిగితే టీచరుగారు చెప్పింది ఇదీ: "ముందు వచ్చేది మెయిన్, కామా తర్వాత వచ్చేది సబార్డినేట్. జవాబుల కీలో అలాగే ఉందండీ."

కామా చూసి క్లాజు తేలుస్తారా? అదే వాక్యాన్ని అటుదిటు చేసి, పిల్లలు పరుగెత్తిన సంగతి ముందు రాస్తే మెయిన్ క్లాజు మారిపోతుందా? తెలుగులో అనుకుని చూడండి. "గంట మోగగానే" అని ఆగిపోతే, ఎదుటివాడు "మోగగానే ఏమైంది?" అంటాడు. ఇలా మరో ముక్క మీద ఆధారపడేదే సబార్డినేట్ క్లాజు. "పిల్లలు బయటికి పరుగెత్తారు" అని ఆగిపోతే ఎవరికీ ఏ వెలితీ తోచదు. బడి ముఖం చూడని పసివాడికి కూడా ఈ తేడా తెలుసు. తెలిసిన పిల్ల జవాబును తప్పు చేసి, తెలియని కీని ఒప్పు చేశారు.

పిల్ల గైడు తెరిచాను. "ఇఫ్, వెన్, సిన్స్, బిఫోర్ కనబడితే సబార్డినేట్ క్లాజు" అని పెట్టె కట్టి మరీ అచ్చేశారు. "సిన్స్ 2010" అంటే అందులో క్రియ ఏది? క్రియే లేనిది క్లాజు ఎలా అవుతుంది? "సిన్స్ ఐ వజ్ ఎ చైల్డ్" అన్నప్పుడు అందులో కర్తా ఉంది, క్రియా ఉంది, అది క్లాజు. ముందు క్రియను వెతకమని ఒక్క మాట చెబితే సగం తప్పులు పోతాయి. ఆ మాట తప్ప అన్నీ ఉన్నాయి ఆ గైడులో.

ఇక ఇఫ్ సంగతి. "ఇఫ్ హి కమ్స్" అంటే చాలాచోట్ల "అతను వస్తే". "ఐ డోంట్ నో ఇఫ్ హి విల్ కమ్" అంటే "అతను వస్తాడో రాడో నాకు తెలియదు". అక్కడ షరతు లేదు, తెలియని విషయం ఏమిటో చెబుతోంది, అది నౌన్ క్లాజు, అంటే నామవాచకం పని చేసే క్లాజు. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే ఇఫ్. తెలుగులోకి తెచ్చేసరికి "వస్తే" ఒకటి, "వస్తాడో రాడో" మరొకటి, కళ్లకు కట్టినట్టు విడిపోతాయి. ఇంత మంచి పనిముట్టు ఇంట్లో ఉండగా, పిల్లల చేత మాటల జాబితా బట్టీ పట్టిస్తున్నారు.

మన పిల్లలు "ఆల్దో" రాసి, కామా పెట్టి, మళ్లీ "బట్" ఎందుకు రాస్తారు? "వాన కురిసినా ఆట ఆగలేదు" అనే మాటలో "కురిసినా" చివరి దీర్ఘమే ఆల్దో పని అంతా చేస్తోందని, దాని తర్వాత ఇంకో "కానీ" అక్కర్లేదని చూపించిన వాళ్లు లేరు కాబట్టి. తెలుగులో "వచ్చి, తిని, పడుకున్నాడు" అంటే చివరి క్రియ ఒక్కటే సమాపకం, అంటే వాక్యాన్ని ముగించేది. ఇంగ్లీషులో వెన్, ఆల్దో లాంటి మాట పెట్టి మొదలుపెట్టిన క్లాజుకు దాని కర్త, దాని క్రియ విడిగా కావాలి. చెప్పవలసిన తేడా ఇదే.

విచిత్రం ఏమిటంటే, అదే సంచిలో తెలుగు పరీక్ష పేపరు కూడా ఉంది. "గీత పాట పాడింది. గీత బహుమతి పొందింది" అన్నవాటిని సంశ్లిష్ట వాక్యంగా మార్చమన్నారు. "గీత పాట పాడి బహుమతి పొందింది" అని రాసి పూర్తి మార్కులు తెచ్చుకుంది. క్త్వార్థకం (పాడి), చేదర్థకం (వస్తే), అప్యర్థకం (కురిసినా) దానికి కంఠతా వచ్చు. ఆ పాఠాన్నీ ఈ పాఠాన్నీ కలిపి చెబితే నేరమా?

ఆ బడిలో నేరమే. ఇంగ్లీషు పీరియడులో తెలుగు మాట వినబడితే జరిమానా. నన్నూ చిన్నప్పుడు అందుకే తరగతి బయట నిలబెట్టారు, ఆ మంట నాకింకా చల్లారలేదు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు క్యాంప్‌బెల్ 1816లో, బ్రౌన్ 1840లో తెలుగు వ్యాకరణాలు రాసింది ఇంగ్లీషులో. తెలుగు నేర్చుకోదలచిన తెల్లవాళ్లకు వాళ్ల భాషలోనే విడమరిచి చెప్పారు. ఇంగ్లీషు నేర్చుకునే మన పిల్లలకు మన భాషలో చెప్పకూడదట! ఈ నియమం పెట్టినవాళ్లూ మనవాళ్లే.

పదో తరగతి దాటితే చాలామందికి ఆ తెలుగు పాఠం కూడా ఉండదు. ఈ పిల్ల అన్న తెలుగులో చక్కగా కథలు రాసేవాడు. ఇంటర్‌లో చేర్చిన రోజే, మార్కులు బాగా పడతాయని కాలేజీవాళ్లు తెలుగు మాన్పించి సంస్కృతం ఇప్పించారు. నేను వెళ్లి అడిగితే "ర్యాంకుకు తెలుగు దేనికండీ?" అన్నారు. రెండేళ్లు జవాబులు బట్టీ పట్టించి పంపించారు. ఇప్పుడు వాడు తెలుగులో పెద్ద వాక్యం మొదలుపెడితే మధ్యలో తెగిపోతుంది, ఇంగ్లీషులో మొదలుపెడితే క్రియ దొరకదు. కథలు రాయడం ఎప్పుడో మానేశాడు. ఫీజు మాత్రం ఒక్క వాయిదా తప్పకుండా వసూలు చేశారు.