"లోపల అకౌంటు ఉన్నవాడే కదా" అనేవారికి

కంప్యూటర్ ల్యాబులు చూసుకునే మిత్రుల నుంచి ఒకే సందేశం ఈ వారంలో నాలుగుసార్లు వచ్చింది. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు వైరస్ రాదు, అప్‌డేట్ వేస్తే మిషన్ నెమ్మదిస్తుంది, ఫైలు అనుమతుల తనిఖీలోని లోపాన్ని సరిచేయడానికి మార్చింది ఒక్క షరతే, పైగా అకౌంటు ఉన్నవాడే ఆ లోపాన్ని వాడుకోగలడు, కాబట్టి కెర్నెల్ (లైనక్స్‌కు గుండెకాయలాంటి ప్రోగ్రాము) మార్చనక్కర లేదు అన్నది దాని సారాంశం. నల్లగొండలో ఒక డిగ్రీ కళాశాల ల్యాబు బాధ్యత నాది కనుక జవాబు చెప్పక తప్పడం లేదు.

వైరస్ ప్రసక్తే ఇక్కడ లేదు. 2018లో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే లోపాలకు వేసిన సవరణల వల్ల కొన్ని పనులు నెమ్మదించిన మాట నిజమే కానీ, అవి ప్రాసెసర్ లోపాలకు వేసినవి. ఈ సవరణలోలా రెండు అనుమతి బిట్లను అదనంగా పోల్చినంత మాత్రాన ఏ మిషనూ నెమ్మదించదు.

ఇక ఆ ఒక్క షరతు సంగతి. మా సర్వర్‌లో అధ్యాపకుల గ్రూపుకు చెందిన ఒక ఫోల్డరుకు ఎస్‌జీఐడీ (లోపల పుట్టే ఫైళ్లకు ఫోల్డరు గ్రూపునే ఇచ్చే గుర్తు) పెట్టి, విద్యార్థులు రికార్డులు వేయడానికి రాసే అనుమతి ఇచ్చాము. అందులో పుట్టే ప్రతి ఫైలూ అధ్యాపకుల గ్రూపు పేరుతోనే పుడుతుంది. మాకు కావలసిందీ అదే. అయితే ఆ గ్రూపులో లేని విద్యార్థి, ఫైలు సృష్టించేటప్పుడే దానికి ఎస్‌జీఐడీ బిట్టునూ గ్రూపు ఎగ్జిక్యూట్ బిట్టునూ అడిగితే పాత కెర్నెల్ కాదనేది కాదు. ఆ బిట్లున్న ప్రోగ్రాము ఎవరు నడిపినా అధ్యాపకుల గ్రూపు అధికారంతోనే నడుస్తుంది. తర్వాత అనుమతులు మార్చే chmod కమాండుతో అడిగితే ఎస్‌జీఐడీ బిట్టును తీసేసే తనిఖీ ముందునుంచే ఉంది, సృష్టించే దారిలోనే లేదు. 2018 జులైలో లైనక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ స్వయంగా ఆ తనిఖీని ఉమ్మడి ఫంక్షన్‌లో చేర్చారు. డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతుల్లో ఒకటైన ఎక్స్‌ఎఫ్‌ఎస్ మాత్రం ఆ పనిని తన సొంత కోడులో చేసుకునేది కాబట్టి, అక్కడ అదే లోపం 2021 దాకా మిగిలిపోయింది.

అకౌంటు ఉన్నవాడే కదా అన్న మాట నాకు నిజంగా కోపం తెప్పించింది. మా ల్యాబులో అకౌంటు లేని విద్యార్థి ఎవరు? ఆ సందేశం పంపిన అధ్యాపక మిత్రులు ఇంటర్నల్ మార్కుల ఫైలును విద్యార్థుల చేతిలో పెట్టి ఇంటికి పోతారా? వెబ్ సర్వర్ కూడా ఒక అకౌంటుతోనే నడుస్తుంది. కళాశాల వెబ్‌సైట్ పేజీలో ఒక్క కన్నం దొరికిన బయటివాడికి పాస్‌వర్డ్ లేకుండానే ఆ అకౌంటు దక్కుతుంది. అక్కడినుంచి రూట్ (సర్వర్ మీద సర్వాధికారాలున్న అకౌంటు) దాకా పోకుండా వాడిని ఆపవలసింది కెర్నెల్ తనిఖీయే. 2023లో బయటపడ్డ ఓవర్‌లే ఎఫ్‌ఎస్ (ఫోల్డర్లను పొరలుగా పేర్చి ఒక్కటిగా చూపే పద్ధతి) లోపం ఇటువంటిదే: కింది పొరలోని ఫైలును పై పొరలోకి కాపీ చేసేటప్పుడు, దాని యజమాని ఆ యూజర్ నేమ్‌స్పేస్‌కు (వేరుగా కట్టిన యూజర్ల పరిధికి) చెందినవాడో కాదో కెర్నెల్ చూడలేదు. ఫలితంగా సామాన్య యూజరు తానే తయారు చేసిన సెట్‌యూఐడీ ఫైలును (ఎవరు నడిపినా యజమాని అధికారంతో నడిచేదాన్ని) రూట్ పేరుతో అసలు డిస్కు మీదికి చేర్చి, రూట్ కాగలిగాడు. వాడికి ముందుగా కావలసింది ఒక మామూలు అకౌంటు మాత్రమే.

ఒక్క విషయంలో మాత్రం ఆ సందేశం రాసినవారిదే సరైన మాట. పరీక్షలప్పుడు కెర్నెల్ జోలికి పోవద్దన్నారు. నిరుడు ప్రాక్టికల్స్ రోజు పొద్దున నేనే కెర్నెల్ మార్చి రీబూట్ చేశాను. సర్వర్ లేచేసరికి గంట పట్టింది, పిల్లలు రికార్డులు పట్టుకొని వరండాలో నిలబడ్డారు. అప్పటినుంచి శనివారం సాయంత్రం, పాత కెర్నెల్‌ను గ్రబ్ మెనూలో (మిషన్ లేచేటప్పుడు కెర్నెల్‌ను ఎంచుకునే జాబితాలో) ఉంచుకొని మారుస్తున్నాను. అప్‌డేట్ వేసి రీబూట్ చేయకపోతే పాతదే నడుస్తూ ఉంటుంది కనుక, సోమవారం ల్యాబు తెరిచేముందు యూనేమ్ (uname) కమాండుతో నడుస్తున్న కెర్నెల్ వెర్షన్ చూసి రిజిస్టరులో రాస్తున్నాను.